ఫ్లెక్సో ఇంకు ఎంపిక: ప్యాకెట్ ఎక్కడికి వెళ్తుందో ముందు అడగాలి

సబ్బు రేపర్ ఒకటి తీసుకుందాం. మెషిన్ మీద నుంచి దిగినప్పుడు రంగు అచ్చం శాంపిల్‌లో ఉన్నట్టే ఉంది. టేపు అంటించి లాగితే ఇంకు ఊడలేదు, గోటితో గీకినా రాలేదు. కస్టమర్ సంతకం పెట్టాడు, సరుకు వెళ్లిపోయింది. కొన్ని వారాల తర్వాత ఫిర్యాదు వచ్చింది: గులాబీ రంగు పాలిపోయింది, బొమ్మ అంచుల్లో రంగు దిగి మరకల్లా కనిపిస్తోంది. అదే ఇంకుతో, అదే మెషిన్ మీద వేసిన బిస్కెట్ రేపర్ మాత్రం చెక్కుచెదరలేదు. ఇంకు తయారీలో లోపం లేదు, ప్రింటర్ పనితనంలోనూ లేదు. లోపల ఉండబోయేది సబ్బు అన్న సంగతి ఇంకు ఎంచుకునేటప్పుడు ఎవరూ అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

ప్యాకెట్లు ముద్రించే పద్ధతుల్లో ఒకటైన ఫ్లెక్సోకు వాడే ఇంకుల మాట వచ్చినప్పుడు మొదట వినపడే ప్రశ్న "వాటర్ బేస్డా, సాల్వెంటా, యూవీనా?" అని. రెండో ప్రశ్న ధర. ప్యాకెట్‌లో ఏం పెడతారు, దాన్ని ఎంత వేడికి గురిచేస్తారు, ఫ్రీజర్‌లో పెడతారా, ఎండలో ఉంచుతారా అన్న ప్రశ్నలు చాలాసార్లు చివర్లో వస్తాయి, లేదా అసలు రావు. నా దృష్టిలో ఈ వరస తలకిందులుగా ఉంది. ప్యాకెట్ జీవితం ముందు తెలిస్తే, ఏ ఇంకు కావాలన్నది సగానికి పైగా దానంతట అదే తేలిపోతుంది.

పేరు ఒకచోటి నుంచి, గుణం ఇంకోచోటి నుంచి

ఫ్లెక్సోలో అచ్చు మెత్తగా, రబ్బరులా వంగే ఫోటోపాలిమర్ ప్లేటు మీద ఉంటుంది. ఆ ప్లేటుకు ఇంకు అందించేది అనిలాక్స్ రోలర్. దాని ఒంటి నిండా కంటికి కనపడనంత చిన్న గుంటలు ఉంటాయి. గుంటల్లో ఇంకు నిండుతుంది, పైన ఉన్న అదనపు ఇంకును డాక్టర్ బ్లేడ్ గీకేస్తుంది, మిగిలిన కొలత ఇంకు ప్లేటు మీదకీ, అక్కడి నుంచి కాగితం లేదా ప్లాస్టిక్ ఫిల్మ్ మీదకీ వెళ్తుంది. ఇదంతా నిమిషానికి కొన్ని వందల మీటర్ల వేగంతో జరుగుతుంది. అందుకే ఫ్లెక్సో ఇంకు పలుచగా ఉండాలి, ఒక రంగు పడిన తర్వాత రెండో రంగు మీద పడే లోపు ఆరిపోవాలి.

ఈ ఆరడం సమస్య ఈ పద్ధతితో పాటే పుట్టింది. 1890లో లివర్‌పూల్‌లో బిబ్బీ, బేరన్ అండ్ సన్స్ సంస్థ తయారు చేసిన తొలి యంత్రంలో నీళ్ల ఆధారిత ఇంకు అలుక్కుపోయేది. జనం దాన్ని "బిబ్బీ చేసిన పిచ్చిపని" అని వెక్కిరించారు. తర్వాత అనిలిన్ రంగులు వాడటంతో దీనికి అనిలిన్ ప్రింటింగ్ అన్న పేరు స్థిరపడింది. అనిలిన్ అనగానే విషం గుర్తొచ్చి ఆహార ప్యాకేజింగ్ వాళ్లు దూరం జరిగేవారు. చివరికి 1952లో అమెరికాలో పరిశ్రమ వాళ్లంతా కలిసి ఫ్లెక్సోగ్రఫీ అనే కొత్త పేరు ఎంచుకున్నారు. ఇంకులో ఏముంది, అది ఆహారాన్ని తాకుతుందా అన్న ఆందోళన ఈ పద్ధతి పేరునే మార్చిందన్నమాట.

ఇంకులో ప్రధానంగా నాలుగు ఉంటాయి. రంగునిచ్చేది పిగ్మెంట్. పిగ్మెంట్‌ను ఉపరితలానికి అంటిపెట్టుకుని ఉంచే జిగురులాంటిది రెజిన్. ఈ రెండింటినీ మోసుకొచ్చే ద్రవం మూడోది. ఇక జారుడు కోసం మైనం, నురగ తగ్గించే మందు, అతుకు పెంచే మందు లాంటివి కొద్దికొద్దిగా కలుపుతారు.

చాలామంది తికమక పడేది ఇక్కడే. వాటర్ బేస్డ్, సాల్వెంట్ బేస్డ్ అన్న పేర్లు మోసుకొచ్చే ద్రవాన్ని బట్టి పెట్టినవి. ఆ ద్రవం ఆరిపోయి వెళ్లిపోతుంది. ప్యాకెట్ మీద మిగిలేవి రెజిన్, పిగ్మెంట్. అంటే ప్యాకెట్ జీవితాంతం కష్టాలు పడేది రెజినూ పిగ్మెంటూ అయితే, మనం ఇంకును పిలిచేది వెళ్లిపోయిన ద్రవం పేరుతో. అందుకే "సాల్వెంట్ ఇంకు వాడాం, అయినా ఊడిపోయింది" అన్న మాటకు పెద్దగా అర్థం లేదు. పాలిఅమైడ్ రెజిన్‌తో చేసిన సాల్వెంట్ ఇంకు, పాలియురెథేన్‌తో చేసిన సాల్వెంట్ ఇంకు రెండూ పేరుకు అన్నదమ్ములే అయినా స్వభావంలో పొంతన ఉండదు.

ఆరిన ఇంకు పొర మందం సుమారు 1 మైక్రాన్, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. యూవీ ఇంకులో ఇంకాస్త ఎక్కువ. రంగు, మెరుపు, అతుకు, రాపిడికి నిలవడం, వేడికి నిలవడం, అన్నీ ఆ పల్చటి పొరే ఇవ్వాలి. అన్నిట్లోనూ ఒకేలా మెరుగ్గా ఉండే పొర చేయడం కుదరదు కాబట్టే ఎంపిక అనే మాట వస్తోంది.

ఆరే తీరులోనే సగం కథ

వాటర్ బేస్డ్ ఇంకులో ఎక్కువగా ఉండేది అక్రిలిక్ రెజిన్. అది మామూలు నీళ్లలో కరగదు. అమ్మోనియా లేదా దాని జాతికే చెందిన అమైన్ కలిపి నీళ్లను కాస్త క్షారంగా మారిస్తే కరుగుతుంది. అందుకే ఈ ఇంకుల పీహెచ్ దాదాపు 8.5 నుంచి 9.5 మధ్య ఉంచుతారు. కాగితం మీద పడగానే నీళ్లు కొంత లోపలికి ఇంకి, కొంత ఆవిరవుతాయి. అమైన్ కూడా ఎగిరిపోతుంది. రెజిన్ గట్టిపడి మళ్లీ నీళ్లకు కరగని పొరగా మారుతుంది. బాగుంది కదా అనిపిస్తుంది. అయితే అదే అమైన్ మెషిన్ పక్కన తెరిచి ఉంచిన ఇంకు డబ్బాలోంచి కూడా మెల్లగా ఎగిరిపోతూనే ఉంటుంది. పీహెచ్ పడిపోతుంది, ఇంకు చిక్కబడుతుంది, ప్లేటు మీదా అనిలాక్స్ గుంటల్లోనూ ఆరిపోయి మొండికేస్తుంది. అప్పుడు ఆపరేటర్ అలవాటు కొద్దీ నీళ్లు కలుపుతాడు. చిక్కదనం తగ్గుతుంది కానీ రంగు వెలిసిపోతుంది, అసలు జబ్బు అలాగే ఉంటుంది. వాటర్ బేస్డ్ ఇంకు వాడే చోట పీహెచ్ మీటర్ లేకపోతే, ఇంకు ఎంత మంచిదైనా ఉపయోగం లేదని నేను గట్టిగా నమ్ముతాను.

నీళ్లకు ఇంకో స్వభావం ఉంది. ఒక కిలో నీళ్లను ఆవిరి చేయడానికి సుమారు 2,260 కిలోజౌళ్ల శక్తి కావాలి. అంతే బరువున్న ఇథనాల్‌కు కావలసిన దానికి ఇది రెండున్నర రెట్లకు పైనే. అట్ట పెట్టెల మీద ఇది సమస్య కాదు, అట్టే నీళ్లను పీల్చుకుంటుంది. ప్లాస్టిక్ ఫిల్మ్ ఏమీ పీల్చుకోదు. ఉన్న నీళ్లన్నీ వేడిగాలే తీసుకుపోవాలి, అంటే డ్రయర్ పెద్దదై ఉండాలి లేదా వేగం తగ్గాలి.

సాల్వెంట్ ఇంకుల్లో ఇథనాల్, ప్రొపనాల్ లాంటి ఆల్కహాల్స్, ఇథైల్ అసిటేట్ లాంటి ఎస్టర్లు కలిసి ఉంటాయి. త్వరగా ఆరుతాయి, ఫిల్మ్ మీద చక్కగా పరుచుకుంటాయి. ఎస్టర్ పాలు పెరిగితే ఆరడం ఇంకా వేగమవుతుంది. కానీ మామూలు ఫోటోపాలిమర్ ప్లేట్లు ఎస్టర్‌కు ఉబ్బుతాయి. అందుకే మిశ్రమంలో ఎస్టర్‌ను నాలుగో వంతు దాటనివ్వరు. ఇక నిప్పు భయం ఎప్పుడూ ఉంటుంది. ఇథైల్ అసిటేట్ ఆవిరి మైనస్ 4 డిగ్రీల చలిలో కూడా నిప్పురవ్వకు అంటుకుంటుంది. ఫిల్మ్ రోలు తిరిగేటప్పుడు పుట్టే స్టాటిక్ కరెంటు ఆ రవ్వ అవ్వడానికి చాలు. ఆవిరిని గాల్లోకి వదలకుండా కాల్చేయడానికో, తిరిగి పట్టడానికో విడిగా యంత్రాలు పెట్టాలి. సాల్వెంట్ ఇంకు ధర లెక్కేసేటప్పుడు ఈ ఖర్చును పక్కన పెట్టి, కిలో రేటు మాత్రమే పోల్చడం సరికాదు.

యూవీ ఇంకు ఆరదు, గట్టిపడుతుంది. ఈ తేడా ముఖ్యం. ఇందులో ఎగిరిపోయేది దాదాపు ఏమీ లేదు. అక్రిలేట్ అణువులు, కాంతిని పీల్చుకుని ఆ అణువుల గొలుసుకట్టును మొదలుపెట్టే ఫోటో ఇనిషియేటర్ ఉంటాయి. యూవీ (అతినీలలోహిత) దీపం కిందికి రాగానే సెకనులో చిన్న భాగంలోనే అంతా వలలా అల్లుకుపోతుంది. గుంటల్లో ఆరదు, చుక్క వ్యాపించకుండా పడ్డచోటే ఉంటుంది, అందుకే సన్నటి అక్షరాలూ ఫోటోలూ ఉండే లేబుళ్లకు ఇది అంత ఇష్టమైంది. పాత పాదరసం దీపాలు చాలా తరంగదైర్ఘ్యాల్లో వెలుగునిస్తాయి. ఎల్ఈడీ దీపం ఒకే సన్నటి పట్టీలో, ఎక్కువగా 385 లేదా 395 నానోమీటర్ల దగ్గర ఇస్తుంది. అందువల్ల పాత దీపానికి చేసిన ఇంకు ఎల్ఈడీ కింద సరిగా గట్టిపడదు. నలుపు, చిక్కటి తెలుపు కాంతిని అడ్డుకుంటాయి కాబట్టి వాటిలో పైపొర గట్టిపడి అడుగు మెత్తగా మిగిలే ప్రమాదం ఎక్కువ. పైకి ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది. ఆ మెత్తదనం ఆహార ప్యాకేజింగ్‌లో ఎంత సమస్యో తర్వాత చూద్దాం.

ఫిల్మ్ ఒప్పుకుంటుందా?

నీళ్ల చుక్క తామరాకు మీద నిలవనట్టే ఇంకు కూడా కొన్ని ఫిల్ముల మీద పరుచుకోదు. ఉపరితలానికి ఉండే ఈ ఆకర్షణను ప్రింటర్లు డైన్లలో కొలుస్తారు. మామూలు పాలిథిన్‌కు సుమారు 31 డైన్లు, నీళ్లకు 72, ఇథనాల్‌కు 22. ద్రవం డైన్లు ఫిల్మ్ డైన్ల కంటే తక్కువగా ఉంటేనే చక్కగా పరుచుకుంటుంది. అందుకే సాల్వెంట్ ఇంకు ఫిల్మ్‌తో సులువుగా స్నేహం చేస్తుంది, వాటర్ బేస్డ్ ఇంకుకు మాత్రం రకరకాల మందులు కలిపి డైన్లు దించాలి. మరోపక్క ఫిల్మ్‌కు కరోనా ట్రీట్‌మెంట్ (ఉపరితలం మీద అధిక వోల్టేజీ విద్యుత్తు ప్రయోగించడం) ఇచ్చి 38 నుంచి 42 డైన్ల దాకా పెంచుతారు. ఈ ట్రీట్‌మెంట్ శాశ్వతం కాదు. ఫిల్మ్ జారడానికి కలిపిన స్లిప్ మందు రోజులు గడిచే కొద్దీ పైకి తేలి ట్రీట్‌మెంట్‌ను కప్పేస్తుంది. నెలల తరబడి గోడౌన్‌లో పడి ఉన్న రోలు మీద ఇంకు ఊడిపోతే, ఇంకు కంపెనీకి ఫోన్ చేసే ముందు డైన్లు తెలిపే ప్రత్యేకమైన డైన్ పెన్నుతో ఒక గీత గీసి చూడాలి.

ఒక్కో ప్యాకెట్ బతుకు ఒక్కో రకం

కరుగేటెడ్ అట్ట పెట్టెల సంగతి తేలిక. వాటర్ బేస్డ్ ఇంకే దాదాపు అన్నిచోట్లా వాడతారు, వాడాలి కూడా. ఒకదాని మీద ఒకటి పేర్చి లారీలో వెళ్లేటప్పుడు రాపిడికి నిలవాలి, అంతే. గోధుమ రంగు అట్ట మీద రంగులన్నీ మసకబారుతాయని డిజైనర్‌కు ముందే చెప్పాలి. పెద్ద కాగితపు సంచులకు మరో చిన్న సంగతి ఉంది: ఇంకు నున్నగా ఉంటే పేర్చిన సంచులు జారి కింద పడతాయి. అక్కడ జారని ఇంకు కావాలి. అదే, ఆటోమేటిక్ మెషిన్ మీద వేగంగా నిండే ఫిల్మ్ ప్యాకెట్‌కు జారే ఇంకు కావాలి.

కాగితపు కప్పుల్ని ఒకదానిలో ఒకటి దూర్చి పెడతారు. బయటి ముద్రణ పక్క కప్పు లోపలి భాగానికి, అంటే పెదవి తగిలే చోటికి, తగులుతుంది. చల్లటి పానీయం పోస్తే బయట నీళ్లు చెమటలా పడతాయి. కాబట్టి ఇంకు వాసన లేనిదై, తడిలో రంగు వదలనిదై ఉండాలి.

పాలిథిన్ మీద పైముఖంగా ముద్రించే సంచులకు చాలాకాలంగా పాలిఅమైడ్ ఇంకులు వాడుతున్నారు. పాలిథిన్‌కు గట్టిగా అతుక్కుంటాయి, మెరుస్తాయి, మంచులో నలిపినా పగలవు. కానీ వేడి తగిలితే మెత్తబడతాయి. సీల్ వేసే దవడలు నేరుగా ముద్రణను తాకే ప్యాకెట్‌కు ఇవి సరిపోవు. నైట్రోసెల్యులోజ్ వేడికి బాగా తట్టుకుంటుంది, అందుకే పాలిఅమైడ్‌కు దాన్ని కొంత కలుపుతారు. ఫ్రీజర్ సంచి అయితే ముద్రించిన ముక్కను మంచు నీళ్లలో నానబెట్టి, చేతులతో గట్టిగా నలిపి చూస్తారు. చవకైన పరీక్షే, కానీ చాలా నిజాలు చెబుతుంది.

లామినేట్లలో ఇంకు పని మరీ కష్టం. ఇక్కడ పై ఫిల్మ్ లోపలివైపు అద్దంలో బింబంలా తిరగేసి ముద్రించి, దానికి జిగురుతో రెండో ఫిల్మ్ అతికిస్తారు. ఇంకు రెండు పొరల మధ్య చిక్కుకుంటుంది. రాపిడి భయం లేదు, మెరుపు పై ఫిల్మే ఇస్తుంది. కానీ రెండు పొరలూ విడిపోకుండా పట్టి ఉంచే వంతెనలో ఇంకు కూడా ఒక భాగమవుతుంది. వంతెన ఇంకు దగ్గర తెగితే ప్యాకెట్ పొరలు పొరలుగా విడిపోతుంది. ఈ పనికి పాలియురెథేన్ రెజిన్ ఇంకులు మేలు, అవి సాగుతాయి, పట్టు వదలవు. పాలిఅమైడ్ ఇక్కడ పనికిరాదు. ఇంకో చిక్కు కూడా ఉంది. లామినేషన్ జిగురులో ఉండే ఐసోసైనేట్‌కు ఆల్కహాల్ అంటే చాలా ఇష్టం. ఇంకు పొరలో కాస్త ఆల్కహాల్ ఆరకుండా మిగిలిపోతే, జిగురు తన జోడీతో కలవాల్సింది పోయి దానితో కలిసిపోతుంది. పట్టు బలహీనపడుతుంది. జిగురు చెడిందనుకుని డబ్బా మార్చేవాళ్లను చాలామందిని చూశాం, తప్పు డ్రయర్ దగ్గర ఉంటుంది. ఇక ప్యాకెట్‌ను 121 డిగ్రీల దగ్గర ఆవిరిలో ఉడికించే రిటార్ట్ పౌచ్ అయితే, ఇంకు కంపెనీతో "లామినేషన్ ఇంకు" అని మాత్రమే చెప్పడం చాలదు. "రిటార్ట్" అన్న మాట స్పష్టంగా చెప్పాలి.

సీసా చుట్టూ వేడికి ముడుచుకునే ష్రింక్ స్లీవ్ మీద ఇంకు ఫిల్మ్‌తో పాటు ముడుచుకోవాలి. ఫిల్మ్ సగానికి మించి కుదించుకుపోతుంటే, పెళుసు ఇంకు పగిలి పొట్టులా రాలుతుంది. పైగా పాలిస్టైరిన్ స్లీవ్‌లు ఎస్టర్ సాల్వెంట్లను భరించలేవు, ఫిల్మే దెబ్బతింటుంది.

ఆహారం: ఇక్కడ రాజీ లేదు

ముద్రణ ప్యాకెట్ బయట ఉంది, ఆహారం లోపల ఉంది, మధ్యలో ప్లాస్టిక్ గోడ ఉంది, ఇంకేం భయం అనుకుంటాం. 2005లో ఇటలీలో పసిపిల్లల పాల కార్టన్లలో ఐటీఎక్స్ అనే ఫోటో ఇనిషియేటర్ దొరికింది. కార్టన్లను యూవీ ఇంకుతో ఆఫ్‌సెట్ పద్ధతిలో ముద్రించారు. పదార్థం గోడను తొలుచుకుని వెళ్లలేదు. ముద్రించిన అట్టను రోలుగా చుట్టినప్పుడు బయటి ముఖం లోపలి ముఖానికి ఆనుతుంది కదా, అక్కడ అంటుకుని, తర్వాత పాలలోకి చేరింది. ప్రింటర్లు దీన్ని సెటాఫ్ అంటారు. ఆ మోతాదులో ఆరోగ్యానికి ముప్పు కనపడలేదని యూరోపియన్ ఆహార భద్రతా సంస్థ చెప్పింది, అయినా లక్షల కొద్దీ కార్టన్లు వెనక్కి వెళ్లాయి. 2009లో అల్పాహార సీరియల్స్‌లో 4-మెథైల్ బెంజోఫినోన్ బయటపడింది. ఇది కూడా అట్ట డబ్బా మీది యూవీ ఇంకులోదే. తేలికైన అణువులు గాల్లో ఆవిరిలా కదిలి పల్చటి లోపలి సంచిని దాటేశాయి.

ఈ రెండు ఘటనలు ఇంకు పరిశ్రమ ఆలోచననే మార్చేశాయి. అల్యూమినియం రేకు ఉంటే అణువులు దాన్ని దాటలేవు, నిజమే. కానీ సెటాఫ్‌కు రేకు అడ్డం కాదు, అది రేకు చుట్టూ తిరిగి వస్తుంది. 2006 నాటి యూరోపియన్ తయారీ నియమావళి ఇంకుల గురించి ప్రత్యేకంగా చెబుతూ, ముద్రించిన ముఖం ఆహారం తాకే ముఖానికి ఆహార భద్రతను దెబ్బతీసే మోతాదులో ఏదీ అంటించకూడదంటుంది. స్విట్జర్లాండ్ ఒకడుగు ముందుకేసి ఇంకుల్లో వాడదగ్గ పదార్థాల జాబితా ఇచ్చింది. విష ప్రభావం ఇంకా అంచనా వేయని పదార్థం ఏదైనా కిలో ఆహారంలో 0.01 మిల్లీగ్రాముకు మించి చేరకూడదని పరిమితి పెట్టింది.

లో మైగ్రేషన్ (ఆహారంలోకి తక్కువగా కదిలేది) అన్న ముద్ర ఉన్న ఇంకుల్లో ఫోటో ఇనిషియేటర్లు పెద్ద అణువులుగా ఉంటాయి, కాబట్టి సులువుగా కదలవు. కానీ ఆ ముద్ర డబ్బాలోని ఇంకుకే, గట్టిపడిన పొరకు కాదు. దీపం మసకబారి, వేగం పెంచి, అడుగు పొర మెత్తగా మిగిల్చితే, ఎంత ఖరీదైన లో మైగ్రేషన్ ఇంకైనా కదులుతుంది. ఎలక్ట్రాన్ బీమ్‌తో గట్టిపరిచే ఇంకులకు ఫోటో ఇనిషియేటరే అక్కర్లేదు. ఆహారానికి అది అందమైన పరిష్కారం. కాకపోతే యంత్రం ఖరీదు ఎక్కువ, ఆక్సిజన్ తగలకుండా నత్రజని నింపాలి. సాల్వెంట్ ఇంకుల్లో భయం వేరు, మిగిలిపోయిన సాల్వెంట్ వాసన. కొవ్వు ఉన్న ఆహారం వాసనలను పీల్చుకుంటుంది. ఆహారాన్ని నేరుగా తాకే ముఖం మీద ఈ ఇంకుల్లో ఏదీ వేయకూడదు, అందుకు విడిగా తయారుచేసినవి తప్ప.

రంగుకూ స్వభావం ఉంటుంది

ఇక సబ్బు రేపర్ సంగతి. మెజెంటాకు మామూలుగా వాడే పిగ్మెంట్ రెడ్ 57:1 చక్కటి రంగు, చవక. కానీ అది కాల్షియం లవణం, క్షారం తగిలితే తట్టుకోలేదు. సబ్బు, డిటర్జెంట్ రెండూ క్షారాలే. వాటికి పిగ్మెంట్ రెడ్ 122 లాంటిది కావాలి, ఖరీదు ఎక్కువే. ఎండకు కూడా ఇదే లెక్క. నిలకడను 1 నుంచి 8 దాకా ఉండే బ్లూ వూల్ కొలతతో చూస్తారు. థాలో నీలం అనే పిగ్మెంట్ దాదాపు పైమెట్టు మీద ఉంటుంది, మామూలు పసుపూ మెజెంటా ఎంతో కింద. అందుకే ఎండలో ఉన్న బోర్డుల మీదా సంచుల మీదా చివరికి నీలమే మిగలడం మనం చూస్తుంటాం. ఆరుబయట పేర్చే ఎరువుల సంచికీ, నెలలో ఖర్చయిపోయే రొట్టె సంచికీ ఒకే పసుపు కొనడం అనవసరం.

ఈమధ్య ప్యాకెట్ జీవితం చెత్తబుట్ట దగ్గర ఆగడం లేదు, రీసైక్లింగ్ దాకా వెళ్తోంది. పాలిథిన్‌ను కరిగించే వేడికి నైట్రోసెల్యులోజ్ విచ్ఛిన్నమై, ప్లాస్టిక్‌ను పసుపుపచ్చగా మారుస్తుంది, వాసన తెస్తుంది. అందుకే లామినేట్లలో నైట్రోసెల్యులోజ్ లేని ఇంకుల వైపు మొగ్గు పెరుగుతోంది. కంపోస్ట్ అయ్యే ప్యాకెట్‌కైతే ఈఎన్ 13432 ప్రమాణం ఉంది. విడిగా పరీక్షించని ఒక్కో పదార్థం బరువులో 1 శాతం, అన్నీ కలిపి 5 శాతం దాటకూడదు. ముద్రణ నిండుగా ఉంటే ఇంకు ఆ లెక్కలోకి వచ్చేస్తుంది, డిజైన్ మొదటి రోజే దీన్ని ఆలోచించాలి.

ఇంకు సరఫరాదారుతో మాట్లాడేటప్పుడు ఫిల్మ్ పేరు, రంగు నంబరు చెప్పి ఊరుకోకుండా ఈ వివరాలన్నీ రాసి ఇవ్వండి: లోపల ఏముంటుంది, కొవ్వు ఉందా, క్షారమా, సీల్ ఎన్ని డిగ్రీల దగ్గర, పైముఖమా లోపలివైపా, ఎన్ని నెలలు, ఎండా ఫ్రీజరా, డ్రయర్ బలమెంత, దీపం ఏ రకం. వచ్చిన ఇంకును మీ మెషిన్ మీద, మీ అసలు వేగంలోనే పరీక్షించండి. సబ్బు, నూనె, డిటర్జెంట్ లాంటి వాటికి ముద్రణ ఎలా నిలుస్తుందో చూసే పద్ధతులు ఐఎస్ఓ 2836 ప్రమాణంలో ఉన్నాయి. ల్యాబ్ అందుబాటులో లేకపోయినా పని ఆగదు: తడిపిన సబ్బు ముక్కను ముద్రణ మీద పెట్టి, పైన బరువుంచి, ఒక రాత్రి వదిలేసి, తెల్లారి సబ్బు మీద గులాబీ మరక ఉందో లేదో చూడండి.